విసుర్రాయి మందుమర అయిన కథ

గుడుపల్లె సీమ కుప్పానికి ఆనుకొని, మూడు రాష్ట్రాల సరిహద్దుల చెంత ఉన్నది. బెంగుళూరు నుండి జోలార్‌పేటకు రైలులో పోయేవారికి దారిపొడుగునా బండగుట్టలు కనిపిస్తూనే ఉంటవి. రాతికి కొరతలేని చోటు, తినేది రాగిసంకటి. కనుక విసుర్రాయి లేని యిల్లు ఆ ప్రాంతాన ఒకప్పుడు అరుదు. రాగులకై పుట్టిన ఆ రాతిలోనే శొంఠి, మిరియాలు, ఎండిన నేలవేము కూడ పొడి అయ్యేవి. పిండిమరను మందుమరగా మలచుకొన్న ఆ నేర్పు ఎట్టిదో శ్రోతలకు మనవిచేస్తాను.

మందును యింటనే నూరుకోవడమెందుకని అడుగవచ్చును. శార్ఙ్గధరుడు తన సంహితలో చూర్ణానికి చెప్పిన లక్షణం మూడు ముక్కలు: ద్రవ్యం బాగా ఎండవలె, మెత్తగా నలగవలె, గుడ్డలో జల్లింపబడవలె. అంతటితో ఊరకొనక, రెండు మాసాలు దాటితే చూర్ణం వీర్యహీనమవుతుందని కూడ హెచ్చరించినాడు. మూలిక మూలికగా ఉన్నంతకాలం దాని వాసన లోపల దాగి ఉంటుంది. పొడి అయిన మరుక్షణం నుండి గాలి దానిని హరించసాగుతుంది. కాబట్టి ఏడాదికి సరిపడ ఒక్కమాటు ఆడించి డబ్బాలకెత్తడం మిరపపొడికి చెల్లునేమో కాని మందుకు చెల్లదు. పైగా ఊరి పిండిమరలో మనకంటె ముందు వచ్చినవారి మిరపకారం మిగిలి ఉంటుంది! పిడికెడు నూరే చిన్నమర యింటికి కావలసివచ్చినది అందుకే.

అయితే విసుర్రాయి ఉన్నదున్నట్లుగా పనికిరాదు. వాడగా వాడగా రాయి నునుపెక్కి, గింజ నలగక జారిపోతుంది. అప్పుడు కక్కు కొట్టించేవారు. ఉలితో రాతిముఖాన చిన్నచిన్న గంట్లు పెట్టడమే కక్కు. కొత్తగా కక్కు కొట్టిన రాతిలో యిసుక రాలుతుంది. అది పోయేదాక తవుడో నూకలో విసిరి పారబోయవలె. నడిమి మేకుకు పేలిక చుడితే పైరాయి కొంచెమెత్తుగా నిలిచి పలుకుగా విరుగుతుంది. పేలిక తీసివేస్తే మెత్తన. కరక్కాయ వంటి మొండికాయను ముందు రోట దంచి, గింజ తీసి, పెచ్చునే రాతిలో పోసేవారు.

వైద్యుల కల్వం తీరు యిందుకు పూర్తిగా విరుద్ధం. రసరత్నసముచ్చయం కల్వపురాయి నల్లగా, నునుపుగా, గట్టిగా, బరువుగా ఉండవలెనని విధించినది. విసుర్రాతికి గరుకు గుణం, కల్వానికి గరుకు దోషం. ఒకటి విరిచేది, మరొకటి మెదిపేది. రెండూ లేని సామాన్యగృహంలో విరవడం రాతికి వదలి, మెత్తదనాన్ని పలుచని గుడ్డకు అప్పగించినారు. గుడ్డపై మిగిలిన పలుకు మరల రాతిలోకి పోయేది. నా మట్టుకు నాకు యీ పద్ధతిలో అసలు యంత్రం ఆ గుడ్డయేననిపిస్తుంది.

తరువాత కాఫీ గింజల యినుపమర వచ్చినది. దాని మర బిగిస్తే మెత్తన, వదలిస్తే పలుకు. పేలికతో చేసిన పనినే మరమేకు చేసినది. కాని యినుముతో ఒక చిక్కున్నది. కరక్కాయ వగరు తడి యినుమును తాకితే నల్లబడుతుంది. పూర్వం కరక్కాయను అన్నభేదితో కలిపి సిరా చేసినది యీ గుణంవల్లనే. మందులో సిరా దిగడం ఎవరికిష్టం?

విద్యుత్తు మర కథ కూడ మార్పు కథయే. 1963లో శ్రీమతి మాధురీ మాథుర్ వంటింటి జర్మనీ మిక్సర్ చెడిపోగా, ఆమె భర్త, ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్, మన దినుసులకు తట్టుకొనే బలమైన మోటారుతో వేరొకటి నిర్మించబూనినారు. ‘సుమీత్’ మిక్సీ పుట్టుక అది. పచ్చిపండ్లకై చేసిన యంత్రాన్ని ఎండు పసుపుకొమ్ము వరకు తేవడం చిన్నపని కాదు.

ఆ మిక్సీకి కూడ మందు విషయంలో కొంత మచ్చిక అవసరం. దాని కత్తి మెదపదు, కొట్టి విరుగగొడుతుంది. వేగంవల్ల వేడి పుట్టి తులసి, శొంఠి వంటివాటి పరిమళం ఎగిరిపోతుంది. పెద్దగిన్నెలో పిడికెడు వేస్తే పొడి గోడలకంటి కత్తికందదు. చట్నీకై యిచ్చే చిన్నగిన్నెను మందుకే ప్రత్యేకించి, కొన్ని క్షణాలు త్రిప్పి, ఆపి, చల్లారనిచ్చి మరల త్రిప్పడం మేలు. మూత వెంటనే తీయక పొడి అణగనీయవలె. ఆపైన గుడ్డ ఉండనేవున్నది. పని ముగిసినాక, విసుర్రాతిలో వలెనే, గుప్పెడు బియ్యం వేసి ఆడించి పారబోస్తే గిన్నెకు వాసన వదలుతుంది.