జీవామృతం: వరాహమిహిరుడి కాలం నుంచి ముదిగుబ్బ డ్రమ్ము దాకా

ముదిగుబ్బ చుట్టుపక్కల ఏ చీనీ తోటలోనైనా బోరు పక్కన, చెట్టు నీడన, గోనెసంచి కప్పిన 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఉంటే, లోపల ఏముందో అడగక్కర్లేదు. ద్రవ జీవామృతం. 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు, మిగతాదంతా నీళ్లు. ఉలవలు పండే సీమ కాబట్టి ఇక్కడ ఉలవ పిండి తేలిగ్గా దొరుకుతుంది. పొద్దున, సాయంత్రం కర్రతో ఒకే వైపుకు తిప్పుతారు. 48 గంటలు నీడలో పులిశాక ఎకరాకు ఒక డ్రమ్ము చొప్పున నీళ్లతో పాటు పారిస్తారు. వారంలోపు వాడేయాలి. అమెరికాలో, యూరప్‌లో తోటలు పెంచేవాళ్లు మాగిన కంపోస్టును నీళ్లలో నానబెట్టి కంపోస్ట్ టీ అని చేసుకునేది దీనికి దగ్గరి చుట్టమే.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందంటే కొందరు వేదకాలం అంటారు, కొందరు నిన్నమొన్నటిది అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. ఆలోచన పాతది. ఈ కొలతలు మాత్రం కొత్తవి.

పాత సాక్ష్యం కావాలంటే 6వ శతాబ్దపు వరాహమిహిరుడి దగ్గరికి వెళ్లాలి. ఆయన బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం ఉంది. చెట్లు, తీగలు బాగా పూసి కాయడానికి ఆయన చెప్పిన ద్రావణంలో గొర్రెల, మేకల పెంటికల పొడి, నువ్వులు, పేలపిండి, మాంసం ఉన్నాయి. వాటిని నీళ్లలో వేసి ఏడు రాత్రులు ఉంచి చెట్టు మొదట్లో పోయమన్నాడు. పెంట, పిండి, నీళ్లు, కొన్ని రోజుల గడువు. ఈనాటి డ్రమ్ముకు కావలసిన పనితీరంతా అందులో అప్పటికే ఉంది. గొర్రెల మందలకు పేరుపడ్డ పెనుకొండ, మడకశిర వైపు మనిషికి ఆ మొదటి వస్తువు చూడగానే మన సీమ మాటే అనిపిస్తుంది.

సుమారు వెయ్యేళ్ల కిందటి సురపాలుడు తన వృక్షాయుర్వేదంలో దీన్ని ఇంకా విస్తరించి, కుణపజలం చెప్పాడు. జంతువుల మాంసం, కొవ్వు, మజ్జ, చేపలు నీళ్లలో ఉడికించి, ఊక, నువ్వుల తెలకపిండి, తేనె, నానిన మినుములు, నెయ్యి కలిపి, వెచ్చని చోట పక్షం రోజులు కుండలో మాగబెట్టాలి. ఈ గ్రంథం మళ్లీ వెలుగులోకి వచ్చిన దారి మన హైదరాబాద్ మీదుగానే సాగింది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఉన్నత పదవిలో పనిచేసిన మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త వై.ఎల్. నేనే, జింకు లోపం వల్లే వరికి ఖైరా తెగులు వస్తుందని తేల్చిన మనిషి. తర్వాత పాత వ్యవసాయ గ్రంథాల వెంట పడ్డారు. 1994లో సికింద్రాబాద్‌లో ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ పెట్టారు. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న సురపాలుడి రాతప్రతి నకలు తెప్పించారు. ఉస్మానియాలో సంస్కృతం బోధించిన నళినీ సాధలే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 1996లో అచ్చయింది. జింకు లోపాన్ని పట్టుకున్న శాస్త్రవేత్తే వెయ్యేళ్ల కుండను కూడా కొట్టిపారేయకుండా, పరీక్షించి చూడదగ్గదిగా భావించడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

అయితే ఒక తేడా మరవకూడదు. వరాహమిహిరుడూ సురపాలుడూ మాట్లాడింది ప్రధానంగా చెట్ల గురించి, తోటల గురించి. తేనె, నెయ్యి పోయగలిగినవాళ్ల ఉద్యానాల గురించి. మెట్ట చేలు దున్నుకునే సేద్యగాడికి వేరే దారులు ఉండేవి. కోత అయ్యాక చేలో గొర్రెల మంద కట్టించుకునేవాడు. రాత్రంతా పడిన పెంటికలు, మూత్రం ఆ చేనికి ఎరువు. ఇంటి దగ్గర దిబ్బ సరేసరి. ఇక పెరట్లో కరివేపచెట్టుకు పుల్లమజ్జిగ, జాజితీగకు బియ్యం కడిగిన నీళ్లు పోసిన ఆడవాళ్ల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. పులిసిన నీళ్లు మొక్కకు మేలు చేస్తాయన్న తెలివిని ఇన్ని తరాలు నిలబెట్టింది వాళ్లేనని నా నమ్మకం.

ఇంగ్లీషువాళ్ల కాలంలో ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోర్‌లో 1924 నుంచి 1931 వరకు చెత్త, పేడ కలిపి కంపోస్టు చేసే ఇండోర్ పద్ధతిని తీర్చిదిద్దారు. 1931లో యశ్వంత్ వాడ్‌తో కలిసి పుస్తకం రాశారు. నేలలోని సేంద్రియ పదార్థమే సారానికి మూలమని ఆయన వాదం. తర్వాత దశాబ్దాల్లో యూరియా వచ్చి ఆ మాటను పక్కకు నెట్టింది. 1980లలో జర్మనీ బాన్ విశ్వవిద్యాలయంలో హైన్‌రిచ్ వెల్ట్‌జీన్ బృందం కంపోస్టు నానిన నీళ్లు ద్రాక్ష ఆకుల మీద చల్లితే తెగుళ్లు తగ్గుతాయని చూపించింది. 1990లలో అమెరికాలో ఎలేన్ ఇంగ్హామ్ గాలి పంపుతో బుడగలు ఊది, కంపోస్టులోని సూక్ష్మజీవులను పెంచే పద్ధతిని ప్రచారం చేశారు. ఇలాంటి ద్రావణం వరాహమిహిరుడికి చెట్టు తిండి. వెల్ట్‌జీన్‌కు మందు. ఇంగ్హామ్‌కు ప్రాణమున్న జనాభా.

మన సరిహద్దులో ఇంకొకటి జరిగింది. హిందూపురం దాటితే కర్ణాటకలో తెలుగే మాట్లాడే బాగేపల్లి. అక్కడి కూలీ సంఘం ఇళ్లకు వేలల్లో గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టింది. 2005లో ఆ పనిని ఐక్యరాజ్యసమితి స్వచ్ఛాభివృద్ధి పథకం కింద నమోదు చేశారు. అందరూ పొయ్యిలో మంట గురించే మాట్లాడారు. కానీ గ్యాస్ పోయాక బయటికొచ్చే చిక్కటి పేడనీళ్లు కూడా పులిసిన ద్రవ ఎరువే.

ఇక జీవామృతం. విదర్భలో అమరావతి జిల్లా బేలోరాకు చెందిన సుభాష్ పాలేకర్ మొదట రసాయనాలతోనే సేద్యం చేశారు. దిగుబడి పడిపోతుంటే అడవిలో చెట్లకు ఎరువు వేసేదెవరని ప్రశ్నించుకుని, సొంత పొలంలో ఏళ్లపాటు ప్రయోగాలు చేసి ఈ కొలతలకు వచ్చారు. 2000 తర్వాత కర్ణాటక రైతు సంఘం దీన్ని భుజానికెత్తుకుంది. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తమిళనాడులో కొడుముడి డాక్టర్ నటరాజన్ పాలు, పెరుగు, నెయ్యి కూడా కలిపే పంచగవ్యను వ్యాప్తిలోకి తెచ్చారు. ఖర్చు చూస్తే బీదరైతుకు పాలేకర్ డ్రమ్మే దగ్గర.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి నేల ముందే సిద్ధమైంది. మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సేద్యం అప్పటికే పదేళ్లుగా సాగుతోంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్, బీడు నేలను మళ్లీ పచ్చగా చేసి, తర్వాత చిన్న రైతులతో సేంద్రియ చిరుధాన్యాల సహకార సంఘాన్ని నిలబెట్టింది. రాష్ట్ర ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా 2015-16లో పాలేకర్ పద్ధతిని చేపట్టింది. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి. విజయకుమార్ దాన్ని నడిపించారు. 2017లో పాలేకర్‌ను సలహాదారుగా నియమించారు. తర్వాత దాని పేరు ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయంగా మారింది. 2024లో పోర్చుగల్ గుల్బెంకియన్ బహుమతి మరో ఇద్దరితో కలిపి ఈ కార్యక్రమానికీ దక్కింది.

వ్యతిరేకత కూడా గట్టిగానే వచ్చింది. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ, ఈ పద్ధతికి సరైన ఆధారాలు లేవని అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరాన్ని తిట్టి పక్కన పెట్టడం తప్పు. లెక్క చూడండి. ఒక డ్రమ్ములోని పేడ, మూత్రం, పిండి అన్నీ కలిపినా నత్రజని పావు కిలోకు మించదు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైమాటే. డ్రమ్మును తిండిగా చూస్తే పంట పస్తే.

కానీ దాని పని వేరు. అది పాలలో వేసే తోడు లాంటిది. పేడలోని, గట్టుమట్టిలోని సూక్ష్మజీవులకు బెల్లం శక్తినిస్తుంది, పిండి మాంసకృత్తులిస్తుంది. రెండు రోజుల్లో అవి పెరిగి నేలలోకి వెళతాయి. ఇక్కడే ముదిగుబ్బ ఎర్రనేలల అసలు సమస్య ఎదురవుతుంది. తోడు ఎంత మంచిదైనా పాలు ఉండాలి కదా. దశాబ్దాలుగా శెనక్కాయ ఒక్కటే వేసి, కాయతో పాటు కట్టెను కూడా పశువుల మేతకు పీక్కుని, ఎనిమిది నెలలు ఎండకు మాడబెట్టిన చేలో ఆ సూక్ష్మజీవులు ఏం తిని బతకాలి? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే జిల్లాలో, వాన రెండు దినాలు ఆలస్యమైనా నేల పొడి.

అందుకే నా దృష్టిలో ఈ సీమకు సరిపోయినవి రెండు మార్పులు. మొదటిది ఘన జీవామృతం. 100 కిలోల పేడలో బెల్లం, పిండి, కొంచెం మూత్రం, గట్టుమట్టి కలిపి నీడన ఆరబెట్టి నిల్వ చేసి, విత్తే ముందు దుక్కిలో వేస్తారు. నీళ్ల కరువున్న చోట ద్రవం కన్నా ఇదే నమ్మకం. రెండోది, అనంతపురం మెట్ట పొలాల్లో ఊపందుకున్న వానకు ముందటి పొడి విత్తనం. నవధాన్యాలకు బంకమట్టి, ఘన జీవామృతం, బూడిద పట్టించి, గుళికలుగా చేసి, వేసవిలోనే పొడినేలలో వేస్తారు. తొలి వానకు అవి మొలిచి నేలను కప్పుతాయి. అప్పుడు డ్రమ్ములోని ప్రాణానికి తినడానికి వేరు, పండుకోవడానికి నీడ దొరుకుతాయి. పసురం లేని ఇంటివాళ్లు ఈ జీవామృతాలను ఊళ్లోని దుకాణంలో కొనుక్కుంటున్నారు. కరువొస్తే పశువులను అమ్ముకునే చోట ఆ దుకాణం చిన్న విషయం కాదు.

ఒక జాగ్రత్త ఉంది. 2004లో అమెరికా సేంద్రియ ప్రమాణాల మండలి నియమించిన నిపుణుల బృందం, కంపోస్ట్ టీలో చెరకు మడ్డి లాంటి తీపి కలిపితే ఈ-కోలై వంటి హానికర సూక్ష్మజీవులూ పెరగొచ్చని హెచ్చరించింది. మన డ్రమ్ములో బెల్లంతో పాటు పచ్చిపేడ కూడా ఉంది. కాబట్టి పచ్చిగా తినే కొత్తిమీర, టమోటా, కీరా కోతకు దగ్గరపడ్డాక పైన చల్లకూడదు. చీనీ చెట్టు పాదులో పోస్తే ఆ భయం లేదు. డ్రిప్పులో వదిలేవాళ్లు గుడ్డతో రెండుసార్లు వడకట్టాలి, లేకపోతే రంధ్రాలు పూడతాయి. ఆకులపై చల్లాలంటే 100 లీటర్ల నీళ్లకు 5 లీటర్లతో మొదలుపెడితే చాలు.

ముదిగుబ్బకు దగ్గర్లోనే కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. కదిరి-6, కదిరి లేపాక్షి శెనక్కాయ రకాలు ఇచ్చిన చోటు. ముదిగుబ్బ రైతుల చేలల్లోనే, పక్కపక్క మడుల్లో, ఒకదానికి డ్రమ్ము మాత్రమే, ఒకదానికి నవధాన్యాల కప్పు మాత్రమే, ఒకదానికి రెండూ, ఒకదానికి ఏదీ లేకుండా ఐదారేళ్లు వేసి, నేలలోని కర్బనం, తేమ, దిగుబడి ఏటా కొలిచి, ఆ లెక్కలను రైతు సేవా కేంద్రం గోడ మీద తెలుగులో అంటించాలి. మంచి ఏడు, కరువు ఏడు రెండూ ఆ గోడ మీద ఉండాలి.