ఉప్పుచేప: ఆపిన అరుగుదల

చేప చచ్చినా దాని పొట్టలో అరుగుదల ఆగదు. మన చిన్నపేగులో మాంసకృత్తులను ముక్కలు చేసే ట్రిప్సిన్ లాంటి ఎంజైములే చేప పేగుల్లోనూ ఉంటాయి. ప్రాణం ఉన్నన్నాళ్లు పేగు గోడ తనను తాను కాచుకుంటుంది. ప్రాణం పోయాక ఆ కాపు పోతుంది. అప్పటిదాకా మేతను అరిగించిన ఎంజైములే పేగును, ఆపైన పొట్ట కండను కరిగించడం మొదలుపెడతాయి. నిండుగా మేసి వలలో పడ్డ కవళ్లకు కొద్ది గంటల్లోనే పొట్ట పగిలేది ఇందుకే. నెల్లూరు తీరంలో ఉప్పుచేప చరిత్ర అంటే ఈ అరుగుదలను వేళకు ఆపడం నేర్చిన వాళ్ల చరిత్ర. అందుకు కావలసిన ఉప్పును బ్రిటిష్ సర్కారు వాళ్లకు పిరం చేసిన చరిత్ర కూడా.

వంజరం లాంటి పెద్ద చేపను ముందు పొట్ట చీల్చి, పేగులూ మొప్పలూ తీసి, కడిగి, కండలో గాట్లు పెట్టి, ఆ గాట్లలోకి ఉప్పు కూరతారు. పేగులతోపాటు ఎంజైముల్లో పెద్ద భాగం పోతుంది. ఉప్పు కండలోని నీటిని బయటికి లాగుతుంది. నీరు తగ్గితే మిగిలిన ఎంజైముల పని మందగిస్తుంది. నెత్తళ్లకు ఇంత తతంగం లేదు, సన్నటివి కనుక ఎండే ఆ పని చేస్తుంది. ఎంజైము పేరైనా తెలియని వాళ్లకు ఈ శాస్త్రాన్ని అంటగట్టడం సబబా అని అడగవచ్చు. జర్మన్ శాస్త్రవేత్త విల్హెల్మ్ క్యూనె ట్రిప్సిన్‌ను గుర్తించింది 1876లో. చేప ఎక్కడినుంచి చెడుతుందో పట్టపుపాలేల (జాలరి పల్లెల) ఆడవాళ్ల కత్తికి అంతకు చాలా ముందే తెలుసు. పేరు తెలియకపోవడం, పని తెలియకపోవడం ఒకటి కావు.

అయితే కత్తి ఒక్కటే చాలదు. చేప బరువులో మూడో వంతో నాలుగో వంతో ఉప్పు పడితేగానీ సరుకు నిలవదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లో ఉప్పు ఈస్టిండియా కంపెనీ గుత్తసొత్తు అయింది. 1882లో 37 కిలోల మణుగుకు 2 రూపాయలున్న సుంకం 1888లో రెండున్నర అయింది. ఆ మణుగు ఉప్పు 110 నుంచి 150 కిలోల చేపకు సరిపోతుంది. అంటే వల నిండిన రోజునే ఖర్చూ పెరిగేది. ఇసకపల్లి, కృష్ణపట్నం మళ్లలో ఉప్పు కళ్లెదుటే పండుతున్నా సుంకం కట్టనిదే అది చేతికి వచ్చేది కాదు. ఉప్పు ధర చేపల నిల్వను దెబ్బతీస్తోందని మత్స్యశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873 నాటి తన నివేదికలోనే వాదించాడు. తర్వాత చేపలకు ఉప్పు పెట్టడానికి సర్కారు తెరిచిన యార్డుల్లో సుంకం లేని ఉప్పు దొరికింది. మేలే, కాదనను. కానీ ఆ ఉప్పును యార్డు దాటనిచ్చేవారు కాదు. యార్డుకు దూరంగా పడవ దిగిన వాడికి, నడివేసవి ఎండలో చేపను అక్కడికి మోసుకెళ్లేలోపే పొట్టలో పని మొదలయ్యేది.

చేపను పాడుచేసేది సూక్ష్మజీవులు కదా, ఎంజైములదేముంది అనేది గట్టి ఆక్షేపణే. కానీ ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి: ఎంజైములు తెంచిన కండ సూక్ష్మజీవులకు తేలికైన మేత. ఇక, ఉప్పుచేపకుండే మాగిన వాసన జనానికి ఇష్టమే, అది ఉప్పు కొరత వల్ల వచ్చింది కాదు అనే మాట నాకు నిలిచేదిగా కనబడదు. వియత్నాంలో చేపను కోరి మాగబెట్టి రసం తీస్తారు, అక్కడ పనిచేసేవీ ఈ ఎంజైములే. కానీ దానికి మూడు పాళ్ల చేపకు ఒక పాలు ఉప్పు వేస్తారు. సూక్ష్మజీవులను అణచి, ఎంజైములను నెమ్మదిగా పనిచేయనిచ్చేది ఆ ఉప్పే. అరుగుదలను ఆపాలన్నా, మాగబెట్టాలన్నా ఉప్పు దండిగా ఉండాలి; తక్కువైతే మిగిలేది కుళ్లే. అయినా, ఉప్పు పండే ఊళ్లవాళ్లు తమ వాడకానికి, ఊళ్లోనే అమ్ముకోవడానికి ఉప్పు తీసుకోవచ్చన్న వెసులుబాటు 1931 మార్చిలో గాంధీ-ఇర్విన్ ఒడంబడికతోగానీ రాలేదు. సుంకం పూర్తిగా పోవడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది.