అనాథకు, వితంతువుకు ఇచ్చిన మాట
(సుమేరు, బాబిలోనియా రాజ్యాల చరిత్ర నుండి ఒక పాఠం)

దైవమే తనకు రాజ్యాన్ని అప్పగించాడని చెప్పుకున్న పాలకులు చరిత్రలో ఎందరో ఉన్నారు. అలా చెప్పుకున్నవాడు ఆ దైవం పేరిట ఏ బాధ్యతను శిరసావహించాడు, దానిని ఎంతవరకు నెరవేర్చాడు అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది. మానవజాతి వ్రాసి మిగిల్చిన తొలి పుటలను, అంటే సుమేరు, బాబిలోనియా రాజ్యాల మట్టి పలకలను, ఈ ప్రశ్నతో తెరచి చూద్దాం. నాలుగు వేల ఏండ్ల నాటి ఆ ప్రజలు మనకు చాలా దూరపువారు. అయినా వారి అప్పుల కథ, వారి ఆకలి కథ మనకు కొత్తది కాదు.

నీరు, నేల, దేవాలయం

నేటి ఇరాక్ దేశపు దక్షిణ భాగమే నాటి సుమేరు. అరబ్బులు దజ్లా, ఫురాత్ అని పిలిచే టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ ఉన్న మైదానమది. అక్కడ వర్షపాతం అత్యల్పం. ఉత్తరాన పర్వతాలపై మంచు కరిగి నదులకు వరద వచ్చేది వసంత ఋతువులో. అప్పటికే పైరు కోతకు సిద్ధంగా ఉంటుంది. విత్తే వేళకు నీరు ఉండదు, కోసే వేళకు నీరు ముంచెత్తుతుంది. కాలువలు త్రవ్వి, కట్టలు కట్టి, ఏటా పూడిక తీస్తేనే బార్లీ పండుతుంది. ఇది ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. పలువురి శ్రమను కూడగట్టాలి, పనిచేసేవారికి తిండి పెట్టాలి, నీటి వంతులు నిర్ణయించాలి. అక్కడ పరిపాలన బలపడటానికి ఇది ఒక ముఖ్య కారణం.

సుమేరు ప్రజలు పెక్కు దేవతలను కొలిచేవారు. ప్రతి నగరం ఒక దేవత సొత్తు అని వారి విశ్వాసం. ఊర్ నగరం చంద్రదేవుడైన నన్నది, నిప్పూరు ఎన్లిల్‌ది, గిర్సు నగరం నిన్‌గిర్సుది. దేవాలయం అంటే వారి దృష్టిలో అక్షరాలా ఆ దేవత నివసించే గృహం. ఆ గృహానికి పొలాలు, పశువుల మందలు, నేతశాలలు, ధాన్యపు కొట్లు ఉండేవి. ఉరుక్ నగరంలో క్రీ.పూ. 3300 ప్రాంతంలో వ్రాత రూపుదిద్దుకున్నప్పుడు దానికి మొదట పని కల్పించినవి ఈ కొట్లే. ఆ తొలి పలకలలో అత్యధిక భాగం ధాన్యం, గొర్రెలు, పనివారి లెక్కలే.

క్రీ.పూ. 2100 తరువాత ఊర్ రాజుల కాలం నాటి పలకలలో కూలివాని నెలసరి బత్తెం సాధారణంగా 60 సిలల బార్లీ, స్త్రీకి 30 సిలలు. సిల అంటే ఇంచుమించు ఒక లీటరు. దానికి తోడు కొంత నూనె, కొంత ఉన్ని. పచ్చి ఇటుకల ఇల్లు, బార్లీ రొట్టె, ఉల్లిపాయలు, ఖర్జూరాలు, ఎండుచేపలు. సామాన్యుని బ్రతుకు ఇంతే. మగ్గాల ముందు కూర్చున్న స్త్రీల పేర్లు, వారి పిల్లల బత్తెపు కొలతలు ఆ పలకలలో నేటికీ చదువవచ్చు.

ఉరుకగిన సంస్కరణలు

దేవత పేరిట ఉన్న ఆస్తిని నిర్వహించేది మనుషులే. అక్కడే పరీక్ష మొదలవుతుంది. క్రీ.పూ. 2350 ప్రాంతంలో లగాష్ రాజ్యాన్ని ఏలిన ఉరుకగిన, తనకు ముందు ఏమి జరిగేదో మట్టి శంకువులపై వ్రాయించాడు. దేవుని ఎద్దులు పాలకుని ఉల్లితోటలను దున్నేవట. దేవుని మేలైన పొలాలలోనే పాలకుని ఉల్లి, దోస మడులు ఉండేవట. అధికారులు బెస్తవాని పడవను, కాపరి గొర్రెను పట్టుకుపోయేవారు. చివరకు చావు కూడా వారికి రాబడిగా మారింది. శవాన్ని పాతిపెట్టాలంటే 7 కూజాల మద్యం, 420 రొట్టెలు, ఇంకా ధాన్యం, వస్త్రం, మేక సమర్పించుకోవాలి. తల్లిని పోగొట్టుకొని ఏడుస్తున్నవాని గుమ్మం ముందు కొలమానంతో నిలబడిన అధికారిని ఒక్కసారి ఊహించండి!

ఉరుకగిన ఆ రుసుమును 3 కూజాలకు, 80 రొట్టెలకు తగ్గించాడు. బలవంతుడు పేదవాని ఇంటిని కొనదలిస్తే, పేదవాడు తనకు నచ్చిన వెల చెప్పవచ్చు. అమ్మనన్నందుకు అతనిని హింసించరాదు. అనాథను, వితంతువును బలవంతుని చేతికి చిక్కనివ్వనని ఉరుకగిన నిన్‌గిర్సు ఎదుట ఒడంబడిక చేశాడు. అప్పులలో చిక్కి బందీలైనవారిని విడిపించాడు. ఈ విముక్తికి సుమేరు భాషలో ‘అమర్గి’ అని పేరు. ఆ మాటకు అర్థం ‘తల్లి చెంతకు మరలడం’. అప్పు కింద పోయిన బిడ్డ తిరిగి ఇంటికి రావడాన్నే వారు స్వేచ్ఛ అన్నారు. ఇంతకన్న చక్కని నిర్వచనం వెదకడం కష్టం.

అయితే చరిత్ర మనకు మరొక పలకను కూడా చూపుతుంది. దేవతల పొలాలను దేవతలకే తిరిగి ఇచ్చానని ఉరుకగిన ప్రకటించాడు. అంతకుముందు ‘స్త్రీ గృహం’ అనే పేరుతో రాణి సంస్థానం ఒకటి ఉండేది. అతని కాలంలో దానికి ‘బవు దేవత గృహం’ అని పేరు మారింది. కాని లెక్కల పలకలను చూస్తే, దాని నిర్వహణ మునుపటివలెనే రాణి చేతిలోనే సాగింది. పేరు మాత్రం దేవతది, పెత్తనం మాత్రం రాజకుటుంబానిది. పదేండ్లు నిండకముందే పొరుగున ఉన్న ఉమ్మా రాజు లుగల్‌జగేసి దండెత్తి లగాష్ ఆలయాలను దోచి తగులబెట్టాడు.

హమ్మురాబి శాసనం

సుమారు ఆరు శతాబ్దాల తరువాత అదే మాట బాబిలోనులో మళ్ళీ వినిపించింది. హమ్మురాబి క్రీ.పూ. 1792 నుండి 1750 వరకు పాలించాడు. రెండు మీటర్లకు మించిన నల్లరాతి స్తంభంపై సుమారు 282 నిబంధనలు చెక్కించాడు. ఆ రాతి శిఖరాన న్యాయదేవతగా వారు కొలిచే సూర్యదేవుడు షమాష్ ఆసీనుడై ఉండగా, రాజు వినమ్రుడై ఎదుట నిలబడి ఉంటాడు. బలవంతుడు బలహీనుని పీడించకుండా, అనాథకు, వితంతువుకు న్యాయం జరిగేలా ఈ శాసనం చేయించానని, అన్యాయానికి గురైనవాడు వచ్చి దీనిని చదివించుకొని ఊరట పొందాలని రాజు అందులో ప్రకటించాడు. ఈ స్తంభం 1901–02లో ఇరాన్‌లోని సూసా శిథిలాలలో బయటపడింది. నేడు పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది.

అందులో కరుణ ఉంది. తుఫాను పైరును ముంచినా, నీరు లేక పంట పండకపోయినా ఆ ఏడాది రైతు అప్పు కట్టనక్కరలేదు, వడ్డీ అసలే లేదు. అప్పు తీర్చలేక భార్యను, బిడ్డను ఋణదాత ఇంట పనికి పెడితే, మూడేండ్లు పనిచేశాక నాలుగవ ఏట వారిని విడిచిపెట్టాలి.

అదే రాతిపై మనుషుల మధ్య అంతరాలూ చెక్కబడి ఉన్నాయి. గొప్పవాడు తనతో సమానుడైన గొప్పవాని కన్ను పొడిస్తే అతని కన్నూ పొడవాలి. సామాన్యుని కన్ను పొడిస్తే ఒక మినా వెండి, అంటే సుమారు అరకిలో, చెల్లిస్తే చాలు. బానిస కన్ను పొడిస్తే బానిస వెలలో సగం. అందరి కంటిచూపు ఒక్కటే, దానికి వెల మాత్రం మూడు రకాలు. ఇంకొక విషయం కూడా గమనార్హం. ఆ కాలపు ఒప్పందాలు, తీర్పులు వ్రాసిన పలకలు వేలాదిగా దొరికాయి. వాటిలో ఈ శాసనాన్ని ఆధారంగా చూపినవి దాదాపు కానరావు.

మళ్ళీ మళ్ళీ అప్పుల రద్దు

ధాన్యపు అప్పుపై వడ్డీ మూడింట ఒక వంతు. వెండి అప్పుపై ఐదింట ఒక వంతు. ధాన్యపు అప్పుకు ధాన్యాన్నే వడ్డీగా కొలిచే పద్ధతిని మన పల్లెలలో ‘నాగు’ అనేవారు. నాగు పెరిగితే రైతు ఇంట ఏమి జరుగుతుందో మన పెద్దలకు తెలుసు. బాబిలోనులోనూ అదే జరిగింది. ముందు పొలం పోయేది, తరువాత బిడ్డ పోయేవాడు. అందుచేత బాబిలోను రాజులు ‘మీషరుమ్’ అనే ఆజ్ఞలతో బ్రతుకుతెరువు కోసం చేసిన అప్పులను రద్దు చేసేవారు. వ్యాపార భాగస్వామ్యాల పెట్టుబడికి ఈ రద్దు వర్తించేది కాదు.

హమ్మురాబి తరువాత నాలుగవ తరం రాజు అమ్మిసదూఖా క్రీ.పూ. 1646 ప్రాంతంలో జారీచేసిన ఆజ్ఞ మనకు దక్కింది. అందులో ఒక నిబంధన ఎంతో చెబుతుంది. వడ్డీకి ఇచ్చిన ధాన్యాన్ని అమ్మకమనో, వేరొక లావాదేవీ అనో పత్రం వ్రాయించుకొని రద్దును తప్పించుకునే ఋణదాతలను అది కఠినంగా శిక్షిస్తుంది. చట్టం పుట్టిన నాటికే దానిని మరుగుపరచే పత్రమూ పుట్టిందన్నమాట! తరతరానికీ రద్దు అవసరమైందంటే, ప్రతి రద్దు తరువాత కొలమానం పట్టిన చేయి మునుపటి దారినే నడిచిందని అర్థం.

మనం నేర్వవలసింది

సోదరులారా! అనాథ హక్కు ఏమిటో ఆ పాలకులకు తెలియక కాదు. తెలిసే వ్రాయించారు, దేవతల ఎదుట ప్రమాణమూ చేశారు. వారి మాటలు ఉత్తుత్తివని కొట్టిపారేయడమూ తగదు. ఆ మాటల వల్ల ఏదో ఒక సంవత్సరం ఏదో ఒక తల్లి ఒడికి బిడ్డ తిరిగి చేరాడు. అది చిన్న విషయం కాదు. కాని రాతిపై మాట ఎంత ఉన్నతమైనదైనా, దానికి సాక్ష్యం చెప్పవలసింది కొట్టులోని లెక్క. ఆ లెక్క సాక్ష్యం చెప్పనప్పుడు మాట రాతిపైనే మిగిలిపోయింది.

మనలో రాజులు ఎవరూ లేరు. అయితే కూలి కొలిచి ఇచ్చేవారు ఉన్నారు, అప్పు ఇచ్చినవారు ఉన్నారు, దైవం పేరిట నలుగురూ అప్పగించిన సొమ్మును చూసేవారు ఉన్నారు. అమ్మకపు పత్రం చాటున వడ్డీని దాచిన ఆ బాబిలోను వర్తకుని ఉపాయం నేటికీ ఎవరికీ తెలియనిది కాదు. ఇంటికి వెళ్ళి మన లెక్కల పుస్తకాన్ని ఒకసారి తెరుద్దాం. అందులో ఒక పేదవాని పేరు, ఒక వితంతువు పేరు ఎక్కడ ఉందో వెదుకుదాం. ఆ పేరుకు ఎదురుగా ఉన్న అంకెను, మనం నలుగురిలో పలికే మాటలతో సరిచూద్దాం.