కెమెరాను మోసిన భుజములు



కెమెరా చరిత్ర చెప్పువారు సాధారణముగా దాని కన్నును గూర్చి చెప్పుదురు. కటకమెట్లు పుట్టినది, బొమ్మ యెట్లు నిలిచినది అని వివరింతురు. నేను నేడు దాని బరువును గూర్చి మాటలాడదలచితిని. ఆ బరువును ఎవరు మోసిరి, శరీరమున ఎచ్చట మోసిరి అనునదియు చరిత్రయే. కావడి యెత్తినవారు, కాడి కట్టినవారు మీలో ననేకులు గలరు గనుక ఈ ముచ్చట మీకు నాకంటె బాగుగ తెలియవచ్చును.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను ఆంగ్లేయుడు ప్రకటించిన పద్ధతిలో గాజుపలకమీద మందు పూసి, తడి యారకమునుపే బొమ్మ తీసి, అక్కడికక్కడే కడుగవలెను. అనగా చీకటి గుడారము, మందుసీసాలు, నీళ్లు, పలకలు అన్నియు కెమెరా వెంట నడువవలెను. 1863లో సిమ్లానుండి హిమాలయములకు బయలుదేరిన శామ్యూల్ బోర్న్ వెంట సుమారు 30 మంది కూలీలు సామాను మోసిరి. బొమ్మలక్రింద బోర్న్ పేరున్నది. ఆ ముప్పది మంది పేర్లు లేవు.

మన హైదరాబాదు కథయు నట్టిదే. 1844లో మీరట్ సమీపమున సర్ధానాలో జన్మించి, రూర్కీలో చదివి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన దీన్‌దయాళ్ గారు సికిందరాబాదున స్టూడియో నెలకొల్పిరి. నిజాము ఆయనకు రాజా బిరుద మిచ్చెను. 1905లో ఆయన గతించిరి. ఆయన గాజుపలకలలో 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగ నున్నవి. పది అంగుళముల వెడల్పు, పండ్రెండు అంగుళముల పొడవు, రెండు మిల్లీమీటర్ల మందము గల గాజుపలక నొకదానిని లెక్కవేసి చూడుడు. సుమారు 390 గ్రాములు తూగును. డజను పలకలకు నాలుగున్నర కిలోలు దాటును. పెట్టె, ముక్కాలి పీట వేరు. వేటకుగాని, కోటలకుగాని పోవునపుడు ఇదంతయు నొకరి మెడలో వేసుకొని పోగలిగినది కాదు.

పొడిపలకలు వచ్చినపిమ్మట గుడారము పోయినది. 1888లో జార్జి ఈస్ట్‌మన్ అమ్మిన కోడాక్ పెట్టెలో నూరు బొమ్మలకు సరిపడు చుట్ట యుండెను. దానితోబాటు భుజమునకు వ్రేలవేసికొను పట్టీగల తోలుసంచియు వచ్చెడిది. పిమ్మట జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అను పనివాడు బయలుదేరెను. ఆయనకు ఉబ్బసము. పలకల కెమెరాను మోయుచు కొండలెక్కిన ఊపిరాడెడిది కాదు. ఆ బాధనుండియే చిన్న కెమెరా యొకటి చేయవలెనను తలపు పుట్టినది. అది 1925లో లైకా యను పేర అంగటికి వచ్చెను. లోకమును మార్చిన యంత్రమొకటి రొమ్ముజబ్బువానిచేత పుట్టుట నాకెన్నడును వింతగనే తోచును. మొదటి లైకాలకు పట్టీ తగిలించుకొను చెవులు లేవు. సంచిలో నుంచి, సంచికే పట్టీ కట్టెడివారు. 1933లో వచ్చిన మూడవ నమూనాకు ఇరుప్రక్కల చెవులు వచ్చినవి. అప్పటినుండి బరువు కూలీ భుజము విడిచి, బొమ్మ తీయువాని మెడకు చేరినది.

ఆ చెవుల ముచ్చట నాకు పరాయిది కాదు. 1986లో నేను ఉప్పల్‌లో నివసించుచు నాచారములో నొక కర్మాగారమున పనిచేయుచుంటిని. ఎవరో వాడి యమ్మిన పాత కెమెరా కొంటిని. నాచారము చెరువుకట్ట దాపున అప్పుడింకను తాళ్లుండెను. అచ్చట చెట్లెక్కుచుండిన గీత పెద్దాయన, మేమందరము తాతా అని పిలుచువారము, ఇక చెట్టెక్కనని చెప్పి, కడసారి యెక్కుటను బొమ్మ తీయుమని నన్నడిగెను. మొదట మోకును, పాదముల గుజిని, చెట్టునకు ఆనించిన కాళ్లను తీసితిని. ఆయన దిగివచ్చి నవ్వుచు నిలువగా ముఖము తీసితిని. తృప్తితో వంగి లేచునంతలో ఒకప్రక్క పట్టీ వీడి కెమెరా కట్టమీది రాతిపై పడెను. వెనుక మూత తెరచుకొనెను. ఎండ లోపలికి పోయెను.

ఉక్కు ఉంగరము మెత్తని ఇత్తడి చెవిని రంపమువలె కోసి, ఏండ్ల తరబడి అరుగదీసి తెంచినది. నేనొక్కనాడును చూడలేదు. తాత దానిని బొటనవ్రేలితో తడిమి చూచి యిట్లనెను: “ఇది ఎన్నడన్న చూసినవా బిడ్డా? మేము చెట్టెక్కేముందు మోకు రోజూ చూసుకుంటం. అయినా కావడి భుజాన పెట్టుకుంటరు గని మెడకు కడుతరా?”

ఆ చుట్టను కడిగించితిని. ముందు తీసినవి చుట్ట లోపలి పొరలలో నుండుటచే మిగిలినవి; మోకు, గుజి, కాళ్లు కనబడినవి. తరువాత తీసినవి పైపొరలలో నుండి ఎండకు మాడిపోయినవి. ముఖము లేదు. ఆ యేడు కార్తికము దాటకమునుపే ఆయన కాలము చేసెను. ఇంట మరియొక బొమ్మ లేకుండెను. వారి కుమారునికి ఆ కాళ్ల బొమ్మనే ఇచ్చితిని.

తాత చెప్పినదానిలో శాస్త్రమున్నది. మెడనుండి బరువు ముందుకు వ్రేలాడినప్పుడు తలను మెడవెనుక కండరములు వెనుకకు లాగి నిలుపవలెను. అందుచే సాయంకాలమునకు నొప్పి పుట్టును. పట్టీని ఎడమ భుజముమీదుగ వేసి కుడి తుంటిప్రక్క కెమెరాను వ్రేలాడనిచ్చినచో బరువు మొండెము మీదికి దిగును. ఒక సెంటీమీటరు పట్టీకి మారుగా నాలుగు సెంటీమీటర్ల పట్టీ వేసినచో అదే బరువు నాలుగింతల చోట పరచుకొనును. ఉంగరమునకును చెవికిని నడుమ తోలుముక్క యుండవలెను. నేతపట్టీ కొసను బకిలులోనుండి వెనుకకు త్రిప్పి దూర్చి, లోపలివైపున నొక్కి యుంచవలెను. బయటికి వ్రేలాడు కొస జారును. కెమెరా అడుగున ముక్కాలి పీటకై యుంచిన పావు అంగుళపు మరకు బిగించు పట్టీలును వచ్చినవి. సుఖమైనవే గాని నడకలో మర వదులగును; బయలుదేరునప్పుడెల్ల బిగించి చూడవలెను.

సినిమా కెమెరా మాట వేరు. నందమూరి తారక రామారావుగారు నాచారమున నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో వంటి చోట్ల దానిని పీటపైనను, పట్టాలబండిపైనను నడిపెదరు, మోయుటకు సహాయకులుందురు. ఉప్పల్ క్రీడాప్రాంగణములో 2005 నవంబరు 16న భారతదేశమునకును దక్షిణాఫ్రికాకును మొదటి అంతర్జాతీయ ఒకదినపు పోటీ జరిగినది. అట్టి పోటీలకు పత్రికలవారు తెచ్చు కటకములను చూడుడు. కానన్ వారి 400 మిల్లీమీటర్ల పెద్దకంత కటకము 1999లో వచ్చినది 5,370 గ్రాములు. అదే తరగతిలో 2018లో వచ్చినది 2,840. ఇట్టిచోట కటకమే కెమెరాకంటె బరువు. కావున పట్టీని కెమెరా చెవులకు గాక కటకపు నడుమున గల పట్టునకు తగిలింతురు; లేకున్న ఆ బరువంతయు రెండింటిని కలుపు వలయముమీద పడును. వారిలో ననేకులు ఒంటికాలి కఱ్ఱకు దానిని బిగించి, కఱ్ఱతో సహా భుజముపై వేసికొని నడచుచుందురు. వెనుకనుండి చూచినచో కావడి యెత్తినవారివలెనే యుందురు.