ఆబోతు, బీడు, జాతి: తెలుగు నేలపై మూపురం పశువుల చరిత్ర

1. పరిచయం

మూపురం, వేలాడే గంగడోలు, వేడిని తట్టుకునే శక్తి భారతీయ పశువుల ప్రధాన లక్షణాలు. బెలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాలను బట్టి సుమారు 8000 ఏళ్ల కిందటే ఈ పశువులను మచ్చిక చేసుకున్నారని తెలుస్తోంది. సింధు నాగరికత ముద్రికలపై కనిపించే మూపురం ఎద్దు మనకు సుపరిచితమే. ఇంతటి గౌరవం పొందిన పశువుల జాతులు నేడు ఎందుకు తగ్గిపోతున్నాయి? కేవలం పూజ వాటిని కాపాడిందా, లేక పూజ వెనుక మరేదైనా ఏర్పాటు ఉండేదా? ఈ వ్యాసంలో ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

2. బూడిద దిబ్బల సాక్ష్యం

దక్కనులో అక్కడక్కడా పెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. ఇవి పశువుల పేడ కాలగా ఏర్పడినవని 19వ శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ భావించాడు. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో తవ్వకాలు జరిపాడు (ఇది ఆదిలాబాద్ ప్రాంతపు ఉట్నూరు కాదు). క్రీ.పూ. మూడో సహస్రాబ్దికి చెందిన పశువుల దొడ్డి అక్కడ బయటపడింది. కంచె గుంజలు పాతిన గుంతలతో పాటు పశువుల గిట్టల గుర్తులు కూడా నేలపై నిలిచి ఉన్నాయి. పేడను పదేపదే తగలబెట్టడం పండుగ ఆచారం కావచ్చునని ఆల్చిన్ అభిప్రాయపడ్డాడు. మన భోగి మంటలకు, కనుమ నాటి పశుపూజకు దీనితో నేరుగా సంబంధం ఉందని చెప్పలేం. అయితే ఈ నేలపై తొలి వ్యవసాయదారుల బతుకు పశువుల చుట్టూ తిరిగిందనడానికి ఇది బలమైన ఆధారం.

3. మేత కోసం యుద్ధం

కొమ్మువారు పాడే కాటమరాజు కథకు 13వ శతాబ్దపు నెల్లూరు నేపథ్యం. కరువులో మందలను తోలుకొచ్చిన యాదవ నాయకుడు కాటమరాజు, నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి బీళ్లలో పశువులను మేపుకున్నాడు. అందుకు ప్రతిఫలంగా కోడెదూడలను ఇవ్వాలన్నది ఒప్పందం. ఆ పుల్లరి విషయంలో వచ్చిన తగాదా పంచలింగాల యుద్ధానికి దారితీసింది. కథలో కల్పన ఎంత ఉన్నా, రెండు విషయాలు గమనించాలి: బీడుకు వెల ఉంది, కోడెదూడకు అంతకంటే ఎక్కువ వెల ఉంది.

4. ఒంగోలు జాతి ఎలా నిలిచింది?

గుండ్లకమ్మ, మూసీ నదుల పరిసరాలు ఒంగోలు జాతికి పుట్టినిల్లు. పెద్దల పేర మంచి కోడెదూడను ఎంచి, ముద్ర వేసి దేవుడికి వదలడం ఇక్కడి ఆచారం. అలా వదిలిన ఆబోతు ఊరందరి చేలలో మేసేది, ఊరి ఆవులన్నిటికీ అదే విత్తనపు ఎద్దు. దూడ ఎంపికలో ఊరి పెద్దలు శ్రద్ధ చూపేవారు. "అచ్చుపోసిన ఆబోతు" అనే మాట నేడు తిట్టుగా మిగిలింది కానీ, ఒకప్పుడు జాతి నాణ్యతను నిలిపింది ఆ ఆబోతే. మతాచారం, జొన్నచొప్ప, ఉమ్మడి బీడు, నాగలి పని ఈ నాలుగూ కలిసి ఒకే వ్యవస్థగా పనిచేశాయి.

ఈ జాతి కీర్తి సముద్రాలు దాటింది. 19వ శతాబ్దం నుంచి బ్రెజిల్‌కు చేరిన మన పశువులు నెల్లూరు పేరుతోనే "నెలూర్" జాతిగా విస్తరించాయి. 20వ శతాబ్దారంభంలో డచ్చివారు వీటిని ఇండొనేషియాలోని సుంబా దీవికి తీసుకెళ్లారు. బ్రెజిల్‌లో ఈ జాతిని ప్రధానంగా మాంసం కోసం పెంచారు. పని మారినా అక్కడ దానికి పని ఉంది, అందుకే మందలు పెరిగాయి.

5. క్షీణత, పరిరక్షణ

స్వస్థలంలో ఆ నాలుగు ఆధారాలూ ఒక్కొక్కటిగా సడలాయి. ట్రాక్టరు రావడంతో ఎద్దుకు పని తగ్గింది. జొన్న స్థానంలో వాణిజ్య పంటలు వేయడంతో చొప్ప తగ్గింది. బీళ్లు సాగులోకి వచ్చాయి. పాల కోసం రైతులు గేదెల వైపు, జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతుల వైపు మొగ్గారు. చిన్న రైతు దృష్టిలో ఇది తప్పు కాదు, అవసరం.

ప్రస్తుతం గుంటూరు సమీపంలోని లాం పరిశోధన కేంద్రం ఒంగోలు జాతిపైనా, పలమనేరు కేంద్రం పొట్టి పుంగనూరు జాతిపైనా కృషి చేస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2014లో రాష్ట్రీయ గోకుల్ మిషన్‌ను ప్రారంభించింది. నెల్లూరు జిల్లా చింతలదేవిలో జాతీయ కామధేను పశుసంవర్ధన కేంద్రం ఏర్పడింది. తెలంగాణలో నల్లమల అంచున అమ్రాబాద్ ప్రాంతపు పొడ తూర్పు పశువులకు ప్రత్యేక జాతిగా గుర్తింపు దక్కింది.

6. ముగింపు

ఘనీభవించిన వీర్యం, పిండమార్పిడి జన్యువులను భద్రపరచగలవు. కానీ ఊళ్లో మందను నిలిపేవి మేత, పని, రైతుకు వచ్చే రాబడి. పూర్వం ఆచారం ఈ మూడింటితో ముడిపడి ఉండేది కాబట్టే జాతి నిలిచింది. వాటి నుంచి విడిపోయిన గౌరవం పటంలోని బొమ్మకే పరిమితమవుతుంది. పరిరక్షణ పథకాలను ఈ కొలమానంతోనే అంచనా వేయాలి.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. ఉట్నూరు తవ్వకాల ప్రాముఖ్యాన్ని వివరించండి.
2. ఒంగోలు జాతి అభివృద్ధిలో ఆబోతు ఆచారం నిర్వహించిన పాత్రను చర్చించండి.
3. మీ ఊరి ఉమ్మడి బీడు 50 ఏళ్లలో ఎలా మారిందో పెద్దలను అడిగి ఒక పేజీలో రాయండి.