షుగర్ అని తెలిశాక: లారెన్స్, ఎలిజబెత్

ఇంట్లో ఎవరికైనా షుగర్ అని తేలితే మనవాళ్లు ముందు అడిగేది "ఎంత ఉంది?" అని. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "అందరికీ చెప్పకు" అంటారు. పెళ్లి కావలసిన పిల్లయితే ఆ గొంతు ఇంకా తగ్గుతుంది. మొదటి ప్రశ్నకు ల్యాబ్ రిపోర్టు చాలు. రెండో మాట వెనక మాత్రం వందేళ్ల చరిత్ర ఉంది. ఇన్సులిన్ కనిపెట్టిన కథ చాలామందికి తెలుసు. ఆ మందుతో బతికి బయటపడ్డవాళ్లు ఆ బతుకుని ఏం చేసుకున్నారన్నది అంతగా చెప్పుకోం.

జబ్బు పాతదే. మూత్రానికి చీమలు పడతాయని చరకసంహిత నాడే గుర్తించింది. కానీ 1922 దాకా చిన్న వయసులో మధుమేహం వస్తే అది మరణశిక్షే. అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే డాక్టరు రోగుల్ని దాదాపు పస్తులుంచేవాడు. దానివల్ల జబ్బు తగ్గదు, చావు కొంచెం వెనక్కి జరుగుతుందంతే. కొత్త మందేదైనా వచ్చేదాకా ప్రాణం నిలబెడదామన్నదే ఆశ.

ఎలిజబెత్ హ్యూస్ ఆ పస్తుల్లోనే పెరిగింది. తండ్రి చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ అమెరికా విదేశాంగ మంత్రి. 1919లో, పదకొండేళ్లప్పుడు, ఆమెకు జబ్బు బయటపడింది. 1922 ఆగస్టులో టొరంటోలో బాంటింగ్ దగ్గరికి తీసుకెళ్లేటప్పటికి పదిహేనేళ్లు నిండబోతున్న పిల్ల బరువు 45 పౌండ్లు, అంటే ఇరవై కిలోలు. ఇన్సులిన్ మొదలుపెట్టాక వారాల్లోనే ఒంటికి కండ పట్టింది.

అట్లాంటిక్‌కి ఇవతల రాబర్ట్ డేనియల్ లారెన్స్ లండన్‌లో యువ డాక్టరు. చెవి ఆపరేషన్ సాధన చేస్తూ ఎముక చెక్కుతుంటే ఓ పెచ్చు ఎగిరి కంట్లో పడింది. ఆ కంటికి వైద్యం జరుగుతున్నప్పుడే, 1920లో, మధుమేహం సంగతి తెలిసింది. ఆ జబ్బు ఎక్కడికి తీసుకెళ్తుందో డాక్టరుగా అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్ల కళ్లముందు చనిపోవడం ఇష్టంలేక ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లిపోయాడు. ఇన్సులిన్ వచ్చింది, పనిచేస్తోంది, వెంటనే రమ్మని 1923లో లండన్ నుంచి మిత్రుడు కబురు పంపాడు. నీరసించిన ఒంటితో కారు నడుపుకుంటూ వెనక్కి వచ్చి మే 31న మొదటి ఇంజెక్షన్ తీసుకున్నాడు.

ఇక్కడి నుంచి ఇద్దరి దారులూ వేరు.

లారెన్స్ ఆ జబ్బునే వృత్తిగా చేసుకున్నాడు. 1925లో రోగులకీ డాక్టర్లకీ పనికొచ్చేలా ఒక పుస్తకం రాశాడు. తిండిని సులువైన భాగాలుగా లెక్కవేసుకునే పద్ధతి తయారుచేశాడు. రోజూ తూకాలతో తలపడాల్సింది రోగే కాబట్టి ఆ లెక్క రోగి చేతికే ఇవ్వాలన్నది అతని పట్టు. 1934లో తన రోగి, రచయిత హెచ్.జి. వెల్స్‌తో కలిసి డయాబెటిక్ అసోసియేషన్ పెట్టాడు. అందులో డాక్టర్లూ రోగులూ ఒకే సంఘంలో సభ్యులు. అతను 1968 దాకా బతికాడు.

ఎలిజబెత్ ఆ సంగతి దాచుకుంది. కాలేజీలో చదివింది, 1930లో పెళ్లి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కంది. అమెరికా సుప్రీంకోర్టు చరిత్ర సంఘానికి అధ్యక్షురాలైంది. భర్తకి తెలుసు, బయటివాళ్లకి చెప్పలేదు. తండ్రి కాగితాల్లోంచి తన జబ్బు ప్రస్తావనల్ని కూడా తీసేయించింది. దాదాపు 59 ఏళ్లు సూదిమందుతో గడిపి 1981లో చనిపోయింది.

లారెన్స్ ధైర్యవంతుడు, ఎలిజబెత్ పిరికిది అనేస్తే తేలికే. కానీ ఆమె వైపు నుంచి చూడండి. పదకొండో ఏట నుంచి ప్రతి ముద్దా తూచి పెట్టారు. ఆ తర్వాత పేరున్న తండ్రి కూతురిగా, అద్భుతంలా బతికిన పిల్లగా పత్రికలకెక్కింది. జీవితమంతా "ఇన్సులిన్ పిల్ల"గా మిగిలిపోకూడదనుకుంది. అందులో సిగ్గుకన్నా స్వాతంత్ర్యమే ఎక్కువ ఉందనిపిస్తుంది నాకు. లారెన్స్‌కి ఆ ఇబ్బంది లేదు. అతను తెల్లకోటు వేసుకుని ఆ జబ్బు గురించి మాట్లాడగలడు. చెప్పగలగడం కూడా అందరికీ ఒకేలా దొరికే వసతి కాదు.

మన దగ్గర ముప్ఫైల్లో షుగర్ అని తేలేవాళ్లలో ఎక్కువమందిది టైప్ 2. ఈ ఇద్దరిదీ అది కాదు. మాత్రలతో, నడకతో, తిండి మార్పుతో చాలామందికి అదుపులో ఉంటుంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉంది, ఫ్లోరెన్స్ వెళ్లాల్సిన పనిలేదు. అయినా రిపోర్టు చూసిన రాత్రి నిద్రపట్టదు. అన్నం, స్వీట్లు, పెళ్లి భోజనాలు, "ఈ ఒక్కటీ తినరా" అనే అమ్మమ్మ, అన్నీ ఒక్కసారిగా లెక్కల్లోకి వచ్చేస్తాయి.

అప్పుడు లారెన్స్ దగ్గర తీసుకోవాల్సింది ఆ లెక్క. దాన్ని డాక్టరుకే వదిలేయకుండా మనమే నేర్చుకోవాలి. ఎలిజబెత్ దగ్గరా ఒకటుంది: జబ్బే మన పేరు కానక్కర్లేదు. కానీ ఆమె కూడా ఇంట్లో మనిషికి చెప్పింది. ఇన్సులిన్ మీదో కొన్ని రకాల మాత్రల మీదో ఉన్నవాళ్లకి షుగర్ ఉన్నట్టుండి పడిపోతే మాట తడబడుతుంది, చెమటలు పడతాయి, చూసేవాళ్లు తాగాడనుకుంటారు. ఆ క్షణంలో ఇంత పంచదార నోట్లో వేయాలని తెలిసిన మనిషి పక్కన ఒక్కరైనా ఉండాలి. ఊరందరికీ చెప్పక్కర్లేదు. ఆ ఒక్కరికీ మాత్రం చెప్పి తీరాలి.