ప్రతిజ్ఞ రాసిన ఖజానా ఉద్యోగి



మీ ఇంటికి దగ్గర్లో బడి వుంటే మీరూ వినే వుంటారు. పొద్దున గంట మోగగానే ఒక పిల్లో పిల్లవాడో ముందుకొచ్చి, చెయ్యి చాచి ఒక్కొక్క ముక్కే చెబుతుంటే వెనకాల వందల గొంతులు అందుకుంటాయి. మనం పోపు వేస్తూనో, బట్టలు ఆరేస్తూనో ఆ రాగం వింటాం. రాగం అని ఎందుకన్నానంటే, రోజూ వల్లించే పిల్లలకి అది చాలావరకు రాగంగానే మిగిలిపోతుంది, ఎక్కాల్లాగా.

ఆ ప్రతిజ్ఞ ఎవరు రాశారో మీ పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి. జాతీయగీతం ఎవరిదంటే రవీంద్రుడిదనీ, వందేమాతరం ఎవరిదంటే బంకించంద్రుడిదనీ టకటకా చెప్పేస్తారు. ప్రతిజ్ఞ దగ్గరికి వచ్చేసరికి తెల్లమొహం వేస్తారు. పిల్లల్ని అని ఏం లాభం, పెద్దవాళ్ళలో మాత్రం ఎంతమందికి తెలుసు?

రాసినాయన మన తెలుగువారు. పేరు పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. 1916లో నల్గొండ జిల్లా అన్నెపర్తి గ్రామంలో పుట్టారు. ఉద్యోగం ఖజానా శాఖలో. పొద్దస్తమానం బిల్లులూ, చలానాలూ, జీతాల పద్దులూ చూసుకునే ఉద్యోగమన్నమాట. ఇంటికొచ్చాక రచనలు చేసేవారు. 'కాలభైరవుడు' అనే నవల కూడా రాశారు. 1962లో ఆయన విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా వున్నారు. ఈ ప్రతిజ్ఞ అక్కడే పుట్టింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. నల్గొండ పూర్వం నిజాము ఏలుబడిలోది, విశాఖపట్నం ఇంగ్లీషువారి పాలనలో మద్రాసు రాష్ట్రంలోది. 1956లో రెండు ప్రాంతాలూ ఒక రాష్ట్రంలో చేరిన ఆరేళ్ళకే, ఆ మూలవారు ఈ మూల సముద్రతీరంలో సర్కారు నౌకరీ చేస్తూ, దేశమంతా ఒక కుటుంబమన్న భావంతో నాలుగు మాటలు రాశారు. ఏ పండితసభో కూర్చుని చేసిన తీర్మానం కాదు. అందుకే కాబోలు, అందులో పెద్ద పెద్ద ఆవేశాలు కనిపించవు. శత్రువు పేరు లేదు, యుద్ధం మాట లేదు. తోటివారిని తోబుట్టువులనుకోవడం, తల్లిదండ్రుల్నీ గురువుల్నీ గౌరవించడం, ఎవరితోనైనా మర్యాదగా మసలడం, ఇంతే సంగతులు.

ఆ రోజులు ఎలాంటివో గుర్తు చేసుకుంటే ఈ మెత్తదనం విలువ తెలుస్తుంది. భాష పేరుతో, ప్రాంతం పేరుతో తగువులు పెరుగుతున్నాయని కేంద్ర ప్రభుత్వం 1961లో డాక్టర్ సంపూర్ణానంద్ అధ్యక్షతన భావసమైక్యత కోసం ఒక సంఘాన్నే వేసింది. 1962 అక్టోబరు 20న చైనాతో యుద్ధం వచ్చి పడింది. ఇల్లాళ్ళు గాజులూ గొలుసులూ ఒలిచి రక్షణనిధికి ఇచ్చిన కాలమది.

సుబ్బారావుగారు తాను రాసింది తెన్నేటి విశ్వనాథంగారికి చూపించారు. తరువాత విశాఖ ఉక్కు ఉద్యమంలో ముందు నిలిచిన నాయకుడు ఆయనే. విశ్వనాథంగారు దాన్ని అప్పటి రాష్ట్ర విద్యామంత్రి, విజయనగరం రాజవంశీకులు పి.వి.జి. రాజుగారికి అందజేశారు. 1963లో విశాఖపట్నంలోని ఒక బడిలో పిల్లలచేత చెప్పించారు. 1964 అక్టోబరులో బెంగుళూరులో కేంద్ర విద్యా సలహా మండలి సమావేశమైంది. అధ్యక్షులు కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లాగారు. దేశంలోని బడులన్నిటా పిల్లలు ప్రతిజ్ఞ చెయ్యాలనీ, 1965 జనవరి 26 నుంచి అది మొదలు కావాలనీ అక్కడ నిర్ణయించారు.

ఆ తేదీ దగ్గర కాస్త ఆగండి. రాజ్యాంగం ఇంగ్లీషుకి ఇచ్చిన పదిహేనేళ్ళ గడువు ముగిసి, హిందీ ప్రధాన అధికారభాష అయిన రోజు కూడా సరిగ్గా అదే. మద్రాసు రాష్ట్రంలో విద్యార్థులు భగ్గుమన్నారు. రైళ్ళు ఆగాయి, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. మనమంతా అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం అని చెప్పించాలనుకున్న రోజునే ఇంట్లో ఇంత గొడవ! అలాగని ప్రతిజ్ఞ వృథా అయిందా? నాకలా అనిపించదు. ఎందుకంటే దాన్ని ఫలానా ఒక్క భాషలోనే చెప్పాలని పట్టుబట్టలేదు. తెలుగులో పుట్టిన మాటల్ని తమిళ పిల్లలు తమిళంలో, బెంగాలీ పిల్లలు బెంగాలీలో చెప్పుకున్నారు. భాష తగువుకి అంతకన్న మంచి జవాబు ఏముంటుంది చెప్పండి?

ఇంతా చేస్తే, రాసినాయన పేరు మాత్రం పుస్తకాల్లోకి ఎక్కలేదు. తన ప్రతిజ్ఞే దేశమంతా చెబుతున్నారని ఆయనకే చాలాకాలం తెలియదట. ఉద్యోగ విరమణ చేశాక, మనవరాలు పాఠ్యపుస్తకం తెరిచి పైకి చదువుతుంటే విని గుర్తుపట్టారని వారి కుటుంబసభ్యులు చెప్పారు. అప్పుడాయన మనసులో ఏమనుకున్నారో! 1988లో కన్నుమూశారు.

ఇక పిల్లలకి నేర్పడం సంగతి. నోటితో చెప్పించడం ఒకటి, మనసుకి ఎక్కించడం ఇంకొకటి. ఈ తేడా మన సుప్రీంకోర్టు ముందుకు కూడా వచ్చింది. 1985లో కేరళలో ఒకే ఇంటి పిల్లలు ముగ్గుర్ని బడిలోంచి తీసేశారు. జాతీయగీతం వచ్చినప్పుడు వాళ్ళు గౌరవంగా లేచి నిలబడేవారు గాని, తమ మతవిశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. 1986 ఆగస్టులో తీర్పు వచ్చింది. పిల్లల్ని తిరిగి చేర్చుకోండి, నిశ్శబ్దంగా నిలబడడం అగౌరవం కాదు, సహనం మన సంప్రదాయం అని దాని సారాంశం. తీర్పు రాసిన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డిగారు, ఆయనా మన తెలుగువారే. దేశభక్తి తగ్గిపోతుందేమోనని అప్పట్లో కొందరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం, సుబ్బారావుగారు రాసిన మర్యాద అనే మాటకి ఆ తీర్పు చక్కని వ్యాఖ్యానంలా కనిపిస్తుంది.

బడిలో మాస్టారు చెప్పించగలిగేది రెండు నిమిషాలు. మిగతా రోజంతా పిల్లలు మన దగ్గరే చూసి నేర్చుకుంటారు. మా వీధిలో నాలుగో క్లాసు చదివే ఒక చిన్నది వాళ్ళమ్మని అడిగిందిట: "అమ్మా, అందరూ తోబుట్టువులే అని బడిలో చెబుతాం కదా, మరి అంట్లు తోమే మంగమ్మకి వేరే గ్లాసు ఎందుకు?" ఆ తల్లి ఏమీ అనలేదట, పోయి నీ హోంవర్కు చేసుకో అందట. చూశారా, ఆ పిల్లకి ప్రతిజ్ఞ అర్థమైంది. అర్థమైన పిల్లని మనం హోంవర్కుకి పంపించేశాం! కూరగాయల బండివాణ్ణి "ఒరేయ్" అనడం, పక్కవాటాలోకి వేరే రాష్ట్రంవారు దిగితే వాళ్ళ వంట వాసన మీద జోకులెయ్యడం, ఇలాంటివన్నీ వాళ్ళు చూస్తూనే వుంటారు. అడగరు గాని లెక్క రాసుకుంటారు.

1969లోనూ, 1972లోనూ మన రాష్ట్రంలో జరిగిన ఉద్యమాలు పెద్దవాళ్ళకి గుర్తే. 2014లో తెలంగాణ వేరే రాష్ట్రమైంది. అయినా నల్గొండ పిల్లలూ, విశాఖ పిల్లలూ పొద్దున్నే చెబుతున్నది ఆ మాటలే. ఇప్పుడు తెలుగు పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ కింద సుబ్బారావుగారి పేరు కూడా అచ్చవుతోంది. జూన్‌లో బడులు తెరిచాక ఎలాగూ పుస్తకాలకి అట్టలు వెయ్యాల్సింది మనమే కదా. అట్ట వేసే ముందు ఆ పేజీ తీసి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన పేరు చదివించండి. మంగమ్మ గ్లాసు లాంటి ప్రశ్న ఏదైనా వాళ్ళు అడిగితే, పని వున్నా సరే, కాసేపు కూర్చుని జవాబు చెప్పండి.